మా బుజ్జి నోటి కంపు సంగతి తేల్చిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

మా బుజ్జి నోటి వాసన గురించి ఈ మధ్య అడగని వాళ్లు లేరు, సలహా ఇవ్వని వాళ్లూ లేరు. కారణం దొరికింది, బుజ్జి బాగుంది. సాయం చేసిన వాళ్లకి పేరుపేరునా చెప్పుకోవాలని ఉంది గానీ, పేర్లు పెట్టొద్దని వాళ్లే అన్నారు. కాబట్టి వరసలతోనే సరిపెడుతున్నాను.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. బుజ్జి 6 ఏళ్ల నాటు కుక్క. అమలాపురం దగ్గర పల్లెలో కొబ్బరి తోటలో మా ఇల్లు. కుక్క నోరన్నాక కాస్త వాసన ఉంటుంది, దానికెవరూ బెంగ పెట్టుకోరు. ఇది అలాంటిది కాదు. ఎలుక ఎక్కడో చచ్చిందనుకుని ఇంట్లో మంచాల కింద, బియ్యం డ్రమ్ము వెనక అంతా వెతికాం. తీరా చూస్తే ఆ కంపు తోక ఊపుకుంటూ మా వెనకే తిరుగుతోంది. తిండి మానలేదు. చొంగ మాత్రం కారుతోంది, అప్పుడప్పుడు ముందు కాలితో మూతి రుద్దుకుంటోంది.

మొదటి థాంక్స్ మా వదినకి. అత్తయ్య మా టూత్‌పేస్టు వేలికి రాసి బుజ్జి పళ్లు తోమబోతుంటే, హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో ఉన్న వదిన గట్టిగా అరిచి ఆపింది. కుక్కకి ఉమ్మెయ్యడం రాదు, ఉన్నదంతా మింగేస్తుంది. మన పేస్టులో ఉండే ఫ్లోరైడ్ దానికి మంచిది కాదు. పైగా కొన్ని పేస్టుల్లో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు. మనకేమీ కాదు గానీ, కుక్క ఒంట్లోకి వెళ్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, లివర్ కూడా దెబ్బతినొచ్చు.

రెండోది పక్కింటి బాబాయి గారికి. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషి. అరుగు మీద కూర్చునే సగం విషయం తేల్చేశారు. "పళ్ల గార వల్ల వచ్చే వాసన నెలల తరబడి మెల్లగా పెరుగుద్దమ్మా. ఇలా ఉన్నట్టుండి మొదలైందంటే లోపల ఏదో ఉంది. అలాగని నువ్వు చెయ్యి పెట్టి చూడకు" అన్నారు. చొంగ కారుతూ, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు చేసే కుక్కని చూస్తే ముందు రేబిస్ గుర్తు రావాలట. ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చెయ్యి పెట్టి, తర్వాత ఇంజెక్షన్ల కోసం పరుగెత్తిన వాళ్లని ఆయన ఉద్యోగంలో చూశారు. బుజ్జికి ఏటా టీకా వేయిస్తున్నాం, అయినా ఆ మాట విన్నాక ఎవరం దాని మూతి దగ్గరికి వెళ్లలేదు.

మొదట చూపించిన చోట నులిపురుగుల మాత్ర, నోట్లో కొట్టే స్ప్రే ఇచ్చి పంపించారు. స్ప్రే పుదీనా వాసన. దాంతో ఇల్లంతా పుదీనా వేసిన చచ్చిన ఎలుక వాసన. దాని గురించి ఇంతకంటే రాయను.

అసలు కృతజ్ఞత అంతా తర్వాత చూసిన డాక్టరమ్మ గారికి. ఆవిడ నోరు తెరిచి చూసే ముందే బోలెడు అడిగారు. ముందు టీకాల పుస్తకం చూసి, గ్లౌజులు వేసుకున్నారు. నీళ్లు మామూలు కంటే ఎక్కువ తాగుతోందా, మూత్రం ఎక్కువ పోస్తోందా, చిక్కిందా, వెనక భాగం అదే పనిగా నాకుతోందా, మలం తినే అలవాటుందా, దేన్ని కొరుకుతుంది? ఇవన్నీ ఎందుకండీ అని మా ఆయన అడిగితే విసుక్కోకుండా చెప్పారు. కిడ్నీలు దెబ్బతింటే నోరు మూత్రంలా ఘాటుగా వాసనేస్తుంది. షుగర్ బాగా ముదిరితే మగ్గిన పండులా తియ్యటి వాసన. చేపల కంపైతే మలద్వారం పక్కనుండే గ్రంథుల్ని అనుమానించాలి, కుక్క అక్కడ నాకి మూతికి అంటించుకుంటుంది. కుళ్లిన మాంసం వాసనైతే చాలావరకు నోట్లోనే పుండో, చీమో, గడ్డో ఉంటుంది. ఇంత చెప్పి, మేమందరం మొహం తిప్పుకుంటున్న ఆ మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశారు. "ఇది నోట్లోదేనండి" అన్నారు.

పెదవి ఎత్తి చూస్తే పైన చెంప వైపు పెద్ద పన్ను మీద పచ్చగా గార కట్టి ఉంది. లాలాజలం వచ్చే గొట్టం ఆ పన్ను దగ్గరే తెరుచుకుంటుంది కాబట్టి గార ఎక్కువగా అక్కడే పేరుకుంటుందట. కుక్కల నోటి వాసనకి ఎక్కువసార్లు దొరికే కారణం కూడా అదే, చిగుళ్ల జబ్బు. అక్కడితో ఆపేసి "క్లీనింగ్ చేయించండి" అనేసినా మేం తలూపి వచ్చేసేవాళ్లం. ఆవిడ ఆపలేదు. "ఈ మాత్రం గారకి ఇంత కంపు రాదు" అని, అసిస్టెంట్ అబ్బాయిని తల పట్టుకోమని, నోరు పూర్తిగా తెరిపించి టార్చి అంగుట్లోకి వేశారు.

అదిగో, ఉంది. అంగుడికి అడ్డంగా, ఈ పక్క పెద్ద పన్నుకీ ఆ పక్క పెద్ద పన్నుకీ మధ్య, గడియ పెట్టినట్టు బిగుసుకుపోయిన వెదురు బద్ద. మా దడిలోదే. పెదవి ఎత్తి ఎంతసేపు చూసినా పళ్ల చాటున ఉండి కనపడదు. కుక్కల్లో ఇది అరుదేమీ కాదని, పుల్లో ఎముకో ఇలాగే అడ్డం పడి, తిండికి అడ్డు రాకపోతే రోజుల తరబడి అలాగే ఉండిపోతుందని చెప్పారు.

మెలకువగా ఉండగా లాగితే నొప్పికి కరుస్తుంది, అంగుడు చీరుకుపోతుంది. అందుకని ముందు రక్తపరీక్ష చేయించి, కిడ్నీ, లివర్, షుగర్ అన్నీ బాగున్నాయని చూసుకున్నాకే మత్తిచ్చారు. బయటికి తీసిన బద్ద నా చూపుడు వేలంత ఉంది. దానికి చుట్టుకుని వెంట్రుకలు, నానిపోయిన మెతుకులు, కింద ఎర్రగా పుండు. ఆ పుండు ముక్కులోకి తూటు పడిందేమో అని సన్నటి పుల్లతో తడిమి చూశారు. పడి ఉంటే తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేవట. పడలేదు. మత్తులో ఉండగానే, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోకుండా గొంతులో గొట్టం పెట్టి, చిగుళ్ల కిందదాకా గార తీసేశారు. మత్తు లేకుండా పైపైన గీకించుకుంటే పళ్లు తెల్లగా కనపడతాయి గానీ, జబ్బు చేసేది చిగురు కింద ఉండేదేనట. చివర్లో పళ్లు లెక్కపెట్టి, "42 ఉన్నాయండి, ఒక్కటీ పోలేదు" అని చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది. టెన్షన్ అంతా అప్పుడు దిగింది.

నొప్పికి ఆవిడ రాసిన మందే వాడమన్నారు. ఇంట్లో ఉన్న పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ లాంటివి సొంతంగా వెయ్యొద్దని రెండుసార్లు చెప్పారు. పాచి రెండు మూడు రోజుల్లోనే గట్టిపడి గారవడం మొదలవుతుంది కాబట్టి కుక్కల పేస్టుతో రోజూ తోమమన్నారు. బుజ్జికి తెచ్చింది చికెన్ రుచి పేస్టు, తోమడం కంటే నాకడమే ఎక్కువవుతోంది. ఇంకో మాట నాకు బాగా నచ్చింది. బొటనవేలి గోటితో నొక్కితే సొట్ట పడనంత గట్టి వస్తువేదీ కుక్కకి నమలడానికి ఇవ్వకూడదు, పళ్లు విరుగుతాయి. మా ఊళ్లో ఆదివారం మటన్ ఎముకలకి ఈ రూలు ఎవరు పాటిస్తారో చూడాలి!

ఆ కంపుతో ఉన్న కుక్కని ఎక్కించుకుని, పైసా ఎక్కువ అడగని ఆటో తమ్ముడికి, తల పట్టుకుని చేతినిండా చొంగ పూయించుకున్న అసిస్టెంట్ అబ్బాయికి, దడిలో వెదురంతా పీకేసి వల కట్టిన మావయ్య గారికి చాలా థాంక్స్. డాక్టరమ్మ గారి నంబరు ఇక్కడ పెట్టడం లేదు, దగ్గరి వాళ్లకి కావాలంటే ఇంటికి రండి, చెబుతాను. బాబాయి గారికి ఆత్రేయపురం పూతరేకులు పంపించాం. ఆయనకి షుగరని పిన్ని సగం దాచేసిందట. ఆవిడకీ కృతజ్ఞతలే.