2024–25 వార్షిక నివేదిక: జాబితాలో పేరు ఎక్కే దాకా

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు చెన్నైలో మన తెలుగు సంఘం చేసిన పనుల వివరాలివి. పండగలు, సభల సంగతి ముందే రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఈ ఏడాది మన ఓపికా, డబ్బూ ఎక్కువగా కిడ్నీ జబ్బు ఉన్న కుటుంబాల కోసమే ఖర్చయ్యాయి. చెప్పాల్సింది కూడా అక్కడే ఎక్కువ.

ఏప్రిల్ 9న క్రోధి నామ ఉగాది జరుపుకున్నాం. పచ్చడి అందలేదన్న ఫిర్యాదు ఎప్పటిలాగే వచ్చింది. నవంబరు నెలాఖరుకు పెట్టుకున్న కార్తిక వనభోజనాలు ఫెంగల్ తుఫాను వల్ల రద్దయ్యాయి. డిసెంబరు 15న మైలాపూరులోని పొట్టి శ్రీరాములు స్మారక భవనానికి వెళ్ళి పూలమాల వేశాం. పిల్లల ఆదివారం తెలుగు తరగతులు నడుస్తున్నాయి, కానీ చెప్పేవాళ్ళు చాలడం లేదు. రిటైరైనవాళ్ళు దయచేసి ఆలోచించండి.

ఆరోగ్య సహాయ విభాగం

మొదట అనుకున్నది చిన్న పని. డయాలసిస్‌కు వెళ్ళే తెలుగువాళ్ళకి ఆసుపత్రిలో మాట సాయం చేయడం, అంతే. వారానికి రెండు మూడుసార్లు, వెళ్ళిన ప్రతిసారీ నాలుగు గంటలు మిషను పక్కన పడుకునే మనిషికి పక్కన ఒకరు ఉంటే బాగుంటుందని మొదలుపెట్టాం. తీరా దిగాక తెలిసిందేమిటంటే, వీళ్ళలో చాలామందికి కిడ్నీ మార్పిడి అనే దారి తమకీ ఉందని ఎవరూ చెప్పలేదు. "అది డబ్బున్నోళ్ళకి కదండీ" అన్న మాట పెరంబూరులోనూ విన్నాం, వ్యాసర్పాడిలోనూ విన్నాం.

ఆగస్టు 3 అవయవదాన దినం. దేశంలో తొలి గుండె మార్పిడి విజయవంతంగా జరిగిన 1994 ఆగస్టు 3ను గుర్తు చేసుకుంటూ ఆ రోజు పెట్టారు. ఆ సందర్భంగా మన సభ్యుల్లోనే ఉన్న ఒక నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) ప్రసంగం ఏర్పాటు చేశాం. అవయవదానం మహాదానం అని చెప్పి పంపిస్తారనుకున్నాం. ఆయన అమెరికా సంగతి ఎత్తుకున్నారు, హాల్లో ఒక్కరూ కదల్లేదు.

రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం) ఎంత ఉందో చూసి, కిడ్నీ ఎంత పనిచేస్తోందో లెక్కగట్టే సూత్రం ఒకటుంది. అమెరికాలో ఏళ్ళ తరబడి ఆ సూత్రంలో ఒక మెలిక ఉండేది. రోగి నల్లజాతి మనిషైతే వచ్చిన అంకెను ఇంకాస్త పెంచాలి. ముందు వాడిన సూత్రంలో 1.212తో, 2009 నాటి దాంట్లో 1.159తో గుణించేవారు. నల్లవాళ్ళకు కండ ఎక్కువ, అందుకే క్రియాటినిన్ ఎక్కువ కనబడుతుందన్నది దానికి చెప్పిన కారణం. డాక్టరుగారు బోర్డు మీద లెక్క వేసి చూపించారు. కిడ్నీ పనితీరు 20కి దిగితేనే వెయిటింగ్ లిస్టులో రోజులు లెక్కలోకి వస్తాయి. తెల్లవాడికి 18 వస్తే పేరు ఎక్కుతుంది. అదే రక్తం, అదే క్రియాటినిన్ ఉన్న నల్లవాడికి 18ని 1.159తో గుణిస్తే 20.86. "మీ కిడ్నీ ఇంకా బాగానే ఉంది, తర్వాత రండి" అంటారు.

అక్కడి జనాభాలో నల్లవాళ్ళు 13 శాతం దాకా ఉంటే, కిడ్నీలు పూర్తిగా పాడైనవాళ్ళలో మూడోవంతు వాళ్ళే. అంత అవసరం ఉన్నవాళ్ళనే లిస్టు గడప దగ్గర ఆపింది ఆ గుణకారం. 2021లో అక్కడి కిడ్నీ వైద్యుల సంఘాలు జాతి ఊసు లేని కొత్త సూత్రం వాడమన్నాయి. 2022లో అవయవ మార్పిడి వ్యవస్థ పాత సూత్రాన్ని నిషేధించింది. 2023 జనవరి నుంచి, పాత లెక్క వల్ల ఆలస్యమైన నల్లజాతి రోగుల నిరీక్షణ కాలాన్ని వెనక్కి జరిపి సరిచేయాలని ఆసుపత్రులకు నియమం పెట్టారు. తప్పు జరిగిందని ఒప్పుకోవడం ఒక ఎత్తు, పోయిన రోజులు తిరిగి లెక్కలో కలపడం ఇంకో ఎత్తు. నాకు రెండోదే గొప్పగా అనిపించింది. అప్పటికే చనిపోయినవాళ్ళ రోజులు మాత్రం ఎవరి ఖాతాలో కలుపుతారు?

లండన్‌లో పిల్లలున్న మన సభ్యులు అక్కడి పరిస్థితి అడిగారు. బ్రిటన్‌లో కిడ్నీ కోసం మనవాళ్ళు తెల్లవాళ్ళకంటే ఎక్కువ కాలం ఎదురుచూస్తారు. కిడ్నీకి రక్తం గ్రూపు కలవాలి కదా, బి గ్రూపు రక్తం అక్కడివాళ్ళలో పదోవంతు మందికి ఉంటే మనలో దాదాపు మూడోవంతు మందికి ఉంటుంది. టిష్యూ మ్యాచింగ్ (ఒకరి కణజాలం మరొకరి ఒంటికి సరిపడటం) కూడా ఒకే మూలాలున్నవాళ్ళ మధ్య కుదిరే అవకాశం ఎక్కువ. మనవాళ్ళేమో దానానికి ముందుకు రావడం తక్కువ.

చివర్లో ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్న: "మన చెన్నైలో ఎవరూ జాతి చూడరు కదండీ, మరి మనకేం తేడా?" ఈ విభాగం ఏడాదంతా తిరిగింది ఆ ప్రశ్న చుట్టూనే.

ఇక్కడ లిస్టు బాగానే ఉంది. తమిళనాడులో 2008 నుంచి మరణించిన దాతల అవయవాల కేటాయింపు ఒక పద్ధతి ప్రకారం జరుగుతోంది. బ్రెయిన్ డెత్ ప్రకటించడానికి నలుగురు డాక్టర్లు, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు. దాతల అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో జరుపుతామని 2023 సెప్టెంబరులో ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రకటించారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ మార్పిడి జరుగుతోంది, బీమా పథకం ఉంది. తేడా అంతా లిస్టులో పేరు ఎక్కేలోపే జరుగుతోంది.

చెన్నై కార్పొరేషన్ పారిశుధ్య పనిలో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ముత్తాతల కాలంలో నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. వాళ్ళ తర్వాత వచ్చిన భవన నిర్మాణ కూలీలకు రేషన్ కార్డు ఊళ్ళోనే ఉండిపోయింది. తమిళనాడు ముఖ్యమంత్రి ఆరోగ్య బీమా కావాలంటే ఇక్కడి కార్డు, ఏడాదికి 1,20,000 రూపాయల లోపు ఆదాయమున్నట్టు సర్టిఫికెట్ చూపాలి. 2023లో కేంద్రం స్థానికత నిబంధన తీసేసింది, ఏ రాష్ట్రంలోనైనా మార్పిడి లిస్టులో పేరు నమోదు చేసుకోవచ్చు, దానికి ఫీజు కూడా అడగకూడదు. మంచిదే. అయితే పేరు ఎక్కాలంటే ముందు ఎవరో ఒక డాక్టరు ఫలానా చోటికి వెళ్ళమని చీటీ రాయాలి. క్రియాటినిన్ పరీక్షే చేయించుకోని మనిషికి ఏ సూత్రం వాడితే ఏం? అందుకే మార్చి 13న, ప్రపంచ కిడ్నీ దినం రోజు, పెరంబూరులో బీపీ, షుగరు, క్రియాటినిన్ పరీక్షల శిబిరం పెట్టాం. తెల్లవారుజామునే పనికి వెళ్ళొచ్చేవాళ్ళ కోసం మధ్యాహ్నం పెట్టాం, అందుకే జనం వచ్చారు.

కాగితాల సంగతి ఇంకో తలనొప్పి. ఆంధ్ర ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది. ఇక్కడి రేషన్ కార్డులో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనిషియల్‌గా ఉంటుంది. ఒకే మనిషి రెండు కాగితాల్లో ఇద్దరు మనుషులు. భార్య భర్తకు కిడ్నీ ఇస్తానంటే పెళ్ళి సర్టిఫికెట్, పెళ్ళి ఫొటోలు, పిల్లల జనన ధ్రువపత్రాలు అడుగుతారు. సూళ్ళూరుపేట పక్క ఊళ్ళో, గుడిలో, ముప్ఫై ఏళ్ళ కిందట జరిగిన పెళ్ళికి సర్టిఫికెట్ ఎక్కడిది? మన న్యాయవాది సభ్యులిద్దరు వరసగా శనివారాలు కూర్చుని ఈ పేర్ల అఫిడవిట్లు రాశారు.

ఇంకో కేసులో పిన్ని కొడుకు ఇస్తానని ముందుకొచ్చాడు. మనకు తమ్ముడే, కానీ 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం దగ్గరి బంధువు కాడు. అప్పుడు ఆథరైజేషన్ కమిటీ (ఇలాంటి దానాలను పరిశీలించే కమిటీ) అనుమతి కావాలి, అతను ఉండేది ఆంధ్రలో కాబట్టి అక్కడి తహసీల్దారు ధ్రువీకరణ కావాలి. ఇలాంటి కేసులు దాత, గ్రహీత నివసించే రాష్ట్రపు కమిటీయే చూడాలని కుల్దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. ఆ కేసు వేసింది తమిళనాడు ప్రభుత్వం మీదే. కావలికీ చెన్నైకీ మధ్య ఆ ఫైలు ఇంకా తిరుగుతూనే ఉంది.

ఈ కట్టుబాట్లు ఎందుకొచ్చాయో తెలిస్తే విసుక్కోలేం. విల్లివాక్కానికి ఒకప్పుడు "కిడ్నీవాక్కం" అని పేరు. అప్పులవాళ్ళు వచ్చి కూర్చుంటే కిడ్నీ అమ్ముకున్న ఇళ్ళు మనకు కూతవేటు దూరంలో ఉన్నాయి. చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని 2001లో పరిశోధకులు కలిసి మాట్లాడారు. 71 శాతం ఆడవాళ్ళు. 96 శాతం మంది అప్పు తీర్చడానికే అమ్మారు. అమ్మాక కుటుంబ ఆదాయం మూడోవంతు పడిపోయింది. సునామీ తర్వాత ఎర్నావూరు పునరావాస కాలనీలో అదే కథ మళ్ళీ నడిచిందని 2007లో బయటపడింది. అవయవం పొందడంలో వెనకబడ్డవాళ్ళే ఇవ్వడంలో ముందు వరసలో ఉన్నారు.

ఇంట్లో కూడా అంతే. దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవాళ్ళలో పదిమందికి ఆరుగురికి పైగా ఆడవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. దాత ఆడమనిషైతే మరింత జాగ్రత్త పడాలని, ఆమె సమ్మతిని రోగి కాకుండా వేరొకరు నిర్ధారించాలని ఆ చట్టం కింద వచ్చిన 2014 నియమాల్లోనే ఉంది. భర్తకు కిడ్నీ ఇవ్వబోయే ఒకామెకు జరిగిన కౌన్సెలింగులో మేం చూశాం, డాక్టరు తమిళంలో చెబుతుంటే మరిది తెలుగులోకి మార్చాడు. పావుగంట మాటలకు అతని అనువాదం: "ఏం కాదంట వదినా." మన వాలంటీరు అతన్ని బయట కూర్చోబెట్టి, "మళ్ళీ మొదట్నుంచి చెప్తాను, వినక్కా" అని మొదలుపెట్టింది. అంతా విని ఆమె అడిగింది ఒకటే: "తీసేశాక చెత్తబండి ఎప్పట్నుంచి తొయ్యొచ్చు?" కొన్ని వారాలు బరువులు ఎత్తకూడదన్నారు. కాంట్రాక్టు పని, వెళ్ళని రోజుకు కూలి లేదు. ఆ ప్రశ్న డాక్టరు దాకా వెళ్ళకుండానే ఆమె సంతకం అయిపోయేది. ఆలోచించుకుని ఆమె ఒప్పుకుంది. ఫిబ్రవరిలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది, దంపతులిద్దరూ ఇంటికి వచ్చారు.

ఆమె పోగొట్టుకున్న కూలి సంఘం ఇవ్వాలా అన్నదానిపై కమిటీలో పెద్ద వాదనే జరిగింది. అవయవానికి డబ్బిచ్చినట్టు అవుతుందేమోనని కొందరికి టెన్షన్. దానం వల్ల నేరుగా పోయిన సంపాదనను, తగిన మేరకు భర్తీ చేయడం చెల్లింపు కిందికి రాదని చట్టంలోనే ఉన్న నిర్వచనం మన న్యాయవాది చదివి వినిపించాక ఆ సందేహం తీరింది. మిగిలిన అభ్యంతరం వేరు: "వాళ్ళు మన సభ్యులు కారు కదా." నిజమే, కారు. మన సభ్యత్వ రుసుము కట్టగలిగినవాళ్ళు ఎవరో, ఉగాదికి ఎవరిని పిలుస్తామో చూసుకుంటే ఎందుకు కారో తెలుస్తుంది. నా అభిప్రాయం దాచుకోను, ఆ డబ్బు ఇవ్వడం సరైనదే.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం, ఆడిటరు సంతకం అయింది. సర్వసభ్య సమావేశం ముందుకు రెండు తీర్మానాలు వస్తున్నాయి. ఒకటి, కూలి భర్తీకి కమిటీ చేసిన ఖర్చును ఆమోదించడం. రెండు, దినకూలీ కుటుంబాలకు సభ్యత్వ రుసుము తీసేయడం. అభ్యంతరాలుంటే సమావేశానికి వారం ముందు రాసి ఇవ్వండి. తమిళం, తెలుగు రెండూ ధారాళంగా వచ్చి, వారంలో ఒక పూట ఆసుపత్రిలో కూర్చోగలిగినవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, పేరు ఇవ్వండి. ప్రస్తుతం ఇద్దరే ఉన్నారు.

ఇట్లు,
కార్యదర్శి