ఆరు శ్రుతి, ఆరున్నర శ్రుతి

బెర్లిన్,
ఆదివారం రాత్రి

నాన్నగారికి నమస్కారాలు.

మొన్న ఫోన్లో "ఎవరో చేసిన పాటలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టడంలో నువ్వు చేసే పనేంట్రా?" అని అడిగారు. నా డీజే పని గురించి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. మీ హార్మోనియం పక్కన కూర్చుని పెరిగినవాణ్ణి, మన మాటల్లోనే చెబుతాను.

పర్లాకిమిడిలో రథయాత్ర రోజు మన భజన బృందానికి ఎదురుగా ఒడియా కీర్తన బృందం వచ్చేది గుర్తుందా? వాళ్ల పాట వేరు, శ్రుతి వేరు, నడక వేరు. మీరు ముందు చేత్తో సైగ చేసి మన డోలక్ ఆపించేవారు. తాళాలు మాత్రం మోగుతుండగా వాళ్ల మృదంగం నడకలోకి మెల్లగా జారుకునేవారు. ఆ తర్వాతే వేళ్లు వాళ్ల శ్రుతి మీదికి వెళ్లేవి. ఎక్కడ మారిందో జనానికి తెలిసేది కాదు. నాన్నా, నేను చేసేది అదే.

నేను పెట్టే టెక్నో, అంటే యంత్రాలతో చేసే డాన్సు సంగీతం, ఎక్కువగా నిమిషానికి 125 నుంచి 140 దెబ్బల మధ్య నడుస్తుంది. ఒక పాట 128, ఇంకోటి 132 అయితే, రెండోదాన్ని హెడ్‌ఫోన్‌లో నేనొక్కణ్ణే వింటూ వేగం తగ్గించి మొదటిదానితో కలుపుతాను. కలిపాక కూడా తొందరపడకూడదు. ఈ పాటల్లో మార్పులు సాధారణంగా 32 దెబ్బలకోసారి వస్తాయి, అంటే మన ఆదితాళం నాలుగు ఆవర్తాలు. ఎత్తుగడ అక్కడే. కొత్త పాట బేస్, అంటే మంద్రపు మోత, పెంచుతూ పాతదాని బేస్ తగ్గిస్తాను, మీరు డోలక్ ఆపించినట్టే. రెండు బేస్‌లు ఒకేసారి మోగితే అంతా బురద.

ఇక శ్రుతి. ఏ పాట శ్రుతి దేనితో కలుస్తుందో చూపించడానికి మా దగ్గర కేమ్‌లాట్ చక్రం అని గడియారంలా 12 అంకెలది ఒకటుంది. అందులో 8ఎ అంటే మీ ఆరు శ్రుతి, అదే హార్మోనియం ఆరో తెల్లమెట్టు షడ్జంగా, నటభైరవి రాగం స్వరాలు. దాని పక్కన 9ఎ మూడు శ్రుతి. అంటే ఒక అంకె ముందుకు జరిగితే స నుంచి ప కి వెళ్లినట్టు. రెండు పాటలకీ ఒక్క స్వరమే తేడా, అందుకే అతుకు కనబడదు. 8ఎ నుంచి 8బి కి పోతే ఒక్క స్వరం కూడా మారదు. నటభైరవి గాంధారాన్ని షడ్జం చేసుకుంటే వచ్చే శంకరాభరణమే అది. ఇది తెలిసిన రోజు మీకు ఫోన్ చేయాలనిపించింది, కానీ అక్కడ అర్ధరాత్రి.

మొదటి ఏడాది ఒక చిన్న క్లబ్‌లో తప్పు చేశాను. 126లో ఉన్న రికార్డుని 134కి లాగాను. రికార్డు తిరిగే వేగం ఆరు శాతం పెరిగితే శ్రుతి దాదాపు అర మెట్టు పైకి పోతుంది. ఆ పాట ఆరు నుంచి ఆరున్నరకి ఎక్కేసింది, అవతలి పాట ఆరులోనే ఉంది. చిన్నప్పుడు మీరు ఆ రెండు మెట్లూ ఒకేసారి నొక్కి పట్టి, "ఈ వణుకు పోయేదాకా నోరు తెరవకు" అన్నారు కదా, అదే వణుకు పెద్ద స్పీకర్లలో వినబడింది. ముందు వరసలో ఒకమ్మాయి ఆడుతూ ఆడుతూ ఆగి తలెత్తి చూసింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ఇప్పుడు వేగం మారినా శ్రుతి కదలకుండా పట్టే మీట వాడతాను. సాఫ్ట్‌వేర్ చూపించే అంకెని కూడా నమ్మేయను. టెక్నోలో చాలా పాటలకి దరువు తప్ప రాగచ్ఛాయ ఉండదు, అది తప్పు చెప్పేస్తుంది. చివరికి చెవే.

అమ్మ బెంగ పెట్టుకోవద్దని చెప్పండి, ఇది చెడు తిరుగుళ్ల పని కాదు. ఈ సంగీతం 1980లలో అమెరికాలోని డెట్రాయిట్‌లో నల్లజాతి కుర్రాళ్ల చేతుల్లో పుట్టింది. బెర్లిన్ టెక్నో సంస్కృతిని 2024లో జర్మనీ యునెస్కో కమిషన్ దేశ వారసత్వ జాబితాలో చేర్చింది కూడా.

ఒక్క సాయం చేయండి. ఫ్యాన్ ఆపి, తిత్తి ఆగకుండా ఆరు శ్రుతి రెండు నిమిషాలు పట్టి ఫోన్లో రికార్డు చేసి పంపండి. మన హార్మోనియం ఇక్కడి పాటలకి వెంట్రుకవాసి తేడాగా ఉండొచ్చు. మీరు శ్రుతి సరిచేయించకండి. పాటనే మన హార్మోనియం దగ్గరికి తెచ్చుకుంటాను.

మీ అబ్బాయి