పాత ఛాసిస్‌పై కొత్త బాడీకి నిబంధనల్లో చోటివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

యాభై ఏళ్లు దాటిన, అంటే ‘వింటేజ్’ వాహనాల రిజిస్ట్రేషన్ కోసం కేంద్ర రవాణా శాఖ 2021లో తెచ్చిన నిబంధనలు ఎన్నో పాత కార్లకు ఊపిరి పోశాయి. అయితే ఛాసిస్‌లో (బండి కింది లోహపు చట్రంలో) గానీ, బాడీలో గానీ, ఇంజిన్‌లో గానీ చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదన్న షరతు, రెండో ప్రపంచ యుద్ధానికి ముందరి పెద్ద కార్ల విషయంలో, అవి తయారైన పద్ధతికే పొసగడం లేదు.

అంబాసిడర్ వంటి కార్లలో బాడీయే బరువు మోస్తుంది కాబట్టి దాన్ని కోయడం ప్రమాదమే. కానీ యుద్ధానికి ముందు రోజుల్లో రోల్స్‌రాయిస్, బెంట్లీ కంపెనీలు ఇంజిన్ బిగించిన ఛాసిస్‌ను మాత్రమే అమ్మేవి; కొన్నవారు దానిపై తమకు నచ్చిన చోట బాడీ కట్టించుకునేవారు. విజయవాడ ఆటోనగర్‌లో నేటికీ లారీలకు బాడీ కట్టే తీరు అదే. 1925 నాటి ఒక రోల్స్‌రాయిస్ ఫాంటమ్‌కు మొదట ఇంగ్లండ్‌లోని హూపర్ సంస్థ బాడీ కట్టింది. ఒకప్పుడు మన దేశంలో నాన్‌పారా రాజా చేతికి వచ్చిన ఆ కారుకు 1934లో బెల్జియంలోని యోంకీర్ సంస్థ గుండ్రటి తలుపులతో, వెనక్కి వాలిన గ్రిల్‌తో, సన్నబడుతూ పోయే తోకతో పూర్తిగా కొత్త బాడీ తొడిగింది. లాస్ ఏంజెలెస్‌లోని పీటర్సన్ కార్ల మ్యూజియం అపురూపంగా చూసుకుంటున్న ఆ కారుకు మన షరతు ప్రకారం వింటేజ్ గుర్తింపే దక్కదేమో!

ఇది అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది, దాన్ని నెట్టుకుపోవడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. ఇంజినీరు రుంప్లర్ 1921లో బెర్లిన్‌లో ప్రదర్శించిన నీటిబొట్టు ఆకారపు కారును 1979లో వోక్స్‌వాగన్ గాలి సొరంగంలో (కారుపైకి గాలిని వీచి పరీక్షించే గదిలో) పరీక్షిస్తే నిరోధ గుణకం 0.28 అని తేలింది; ఈ అంకె ఎంత తక్కువైతే కారు గాలిని అంత తేలిగ్గా చీల్చుకుపోతుంది. వృత్తిరీత్యా దంతవైద్యుడైన జార్జ్ పోలాఁ గీసిన బాడీని పారిస్ దగ్గర తొడిగించుకున్న బెంట్లీ, 1939లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ ట్రాక్‌పై ఒక్క గంటలో 184 కిలోమీటర్లు పరుగెత్తింది. పదేళ్ల తరువాత ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల కార్ల పోటీలో ఆరో స్థానంలో నిలిచింది.

నా షెడ్డులోనూ అటువంటి ప్రయత్నమే సాగుతోంది. చెక్కంతా చెదలుపట్టి అసలు బాడీ పోయిన ఒక ఛాసిస్‌పై టేకు చట్రం కట్టి, ఇసుక సంచి మీద కొట్టి వంచిన అల్యూమినియం రేకులు తొడుగుతున్నాం. రేకుపై నూలు పోగులు అంటించి, కారు నడుపుతూ పక్క వాహనం నుంచి ఫొటోలు తీస్తే, గాలి ఎక్కడ ఒంటిని అంటుకుని పోతోందో, ఎక్కడ విడిపోయి సుడి తిరుగుతోందో ఆ పోగులే చూపిస్తాయి. వెనుక భాగం వంపును ఇప్పటికి మూడుసార్లు విప్పి మార్చాం. ఛాసిస్‌కు ఒక్క కొత్త రంధ్రం వేయలేదు, ఒక్క వెల్డింగ్ పెట్టలేదు; పాత రంధ్రాల్లోనే బోల్టులు బిగించాం.

కొత్త బాడీని పాతదని నమ్మించి అమ్ముతారన్న భయం సహేతుకమైనదే. అందుకే ఛాసిస్, ఇంజిన్ మారకుండా, విప్పదీయగలిగేలా కట్టిన బాడీలను అనుమతిస్తూ, ఎవరు, ఏ సంవత్సరంలో కట్టారో రిజిస్ట్రేషన్ పత్రంలోనే రాయించాలి. వింటేజ్ వాహనాలను సాంకేతిక పరిశోధన కోసం రోడ్డెక్కించవచ్చని ఆ నిబంధనలే చెబుతున్నాయి కనుక, ఈ సవరణను కేంద్రానికి సిఫారసు చేయాలని రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలను కోరుతున్నాను.

– ఒక బాడీ బిల్డర్, ఆటోనగర్, విజయవాడ