తడి నేలకి ఏం వేయాలంటే

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. బొప్పాయి మొక్కలన్నీ ఒక్క ముసురుకే తలలు వాల్చేశాయనీ, మునగ ఆకంతా పండిపోయి రాలుతోందనీ చదివి మనసు చివుక్కుమంది. నువ్వనుకున్నట్టు ఎరువు చాలక కాదురా. అనంతపురం నేల మీద పెరిగినవాడివి, అక్కడ మొక్క చచ్చిపోతే నీళ్ళు లేకే. భీమవరంలో ఊపిరాడక చస్తుంది.

వేరుకీ గాలి కావాలి. మట్టిలో ఉండే సన్న సందుల్లోంచే దానికి గాలి అందుతుంది. ఆ సందుల్లో నీళ్ళు నిండితే, నీటిలో ఆక్సిజన్ గాలిలో కన్నా దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది కాబట్టి, వేరు ఉక్కిరిబిక్కిరై కుళ్ళిపోతుంది. బొప్పాయికైతే నీళ్ళు ఒకటి రెండు రోజులు నిలిచినా చాలు. అలాంటప్పుడు యూరియా వేసి లాభం లేదు.

మరి మురుగు కాలవ పక్కన చేమ అంత ఏపుగా ఎలా ఉంటుందంటావా? ఒక కాడ తెంపి, చాకుతో అడ్డంగా కోసి చూడు. లోపలంతా స్పాంజిలా చిన్న చిన్న గదులుంటాయి, వేలితో నొక్కితే అణిగిపోతుంది. ఆకుల నుంచి గాలి ఆ గదుల గుండానే వేరు దాకా దిగుతుంది. తామర కాడలో ఆ గొట్టాలు కంటికి ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. చేమ రసం చేతికి తగిలితే దురద పెడుతుంది, జాగ్రత్త.

ఒక సంగతి మాత్రం మరిచిపోకు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా తడీ పొడీ కాలువల మీదే ఆధారపడ్డాయి. వేసవిలో కాలువలు కట్టేస్తారు. అప్పుడు ఇదే నల్లమట్టి నెర్రెలు విచ్చుతుంది. కాబట్టి ఉత్త నీటి మొక్క తెచ్చి పెట్టినా మే నెలలో మాడిపోతుంది. మనకి కావలసింది రెండూ ఓర్చుకునేది.

నా మాట విని ముందు మెట్టతామర, అదే కానా (canna) అంటారే, ఆ పూల దుంప మొక్క పెట్టు. ఎరుపూ పసుపూ పూలు దాదాపు ఏడాదంతా పూస్తాయి. ఎండకి ఆకు మాడినా దుంప బతికే ఉంటుంది, నీళ్ళు తగలగానే మళ్ళీ లేస్తుంది. స్నానాల గది నీళ్ళు పోయే చోట వేస్తే ఆ నీళ్ళనీ బాగా తాగుతుంది. గట్టు జారిపోయే వైపు వట్టివేరు దుబ్బులు వరసగా నాటు. దాని వేళ్ళు పక్కలకి పాకకుండా నిలువుగా, పదడుగుల లోతు దాకా దిగుతాయి. వరద నీటిలో నిలబడుతుంది, ఎండకీ చావదు. కుళాయి దగ్గర సరస్వతి ఆకు, పొన్నగంటి కూర వేస్తే చెల్లాయికి వంటకి పనికొస్తాయి. వీటికి మాత్రం వేసవిలో రోజూ నీళ్ళు పోయాలి.

చేమ పక్కనే కందా పెట్టేద్దామనుకుంటావేమో, వద్దు. రెండూ ఒకే కుటుంబం, అయినా నీళ్ళు నిలిస్తే కంద దుంప కుళ్ళిపోతుంది. అల్లం, పసుపూ అంతే. చెల్లాయి గులాబీలు, కరివేపాకు కావాలంటోంది కదా, వాటికి రెండడుగుల ఎత్తున మట్టి దిబ్బ పోసి, పశువుల ఎరువు కలిపి, దాని మీద నాటండి. పెద్ద చెట్టు కావాలంటే నేరేడో కానుగో వేయి, ఇంటి గోడకి దూరంగా. చెరువులో గుర్రపుడెక్క పూలు బాగున్నాయని మాత్రం ఇంటికి తేకు, ఒక్క మొక్క తెస్తే కాలవంతా అల్లుకుపోతుంది.

అవునూ, మీ ఇంటి వెనక రొయ్యల చెరువు ఉందన్నావు. ఎండిన మట్టి మీద తెల్లటి పొర తేలుతోందేమో చూడు. ఉప్పు తగిలిన నేలైతే చేమ, మెట్టతామర తట్టుకోలేవు, అప్పుడు కానుగా కొబ్బరీ నయం. మొగలి కూడా ఉప్పుకి ఓరుస్తుంది గానీ ముళ్ళ పొద, పిల్లలు తిరిగే చోట వద్దు.

ఏం కొనకముందే ఒక పని చెయ్యి. వాన వెలిశాక పెరట్లో మూడు చోట్ల అడుగు లోతు గుంత తీసి, నిండా నీళ్ళు పోసి, మర్నాటికి ఎంత ఇంకిందో స్కేలుతో కొలువు. ఎక్కడ నీళ్ళు అలాగే నిలిచాయో ఒక కాగితం మీద గీసి పంపు. దాన్నిబట్టి దుంపలూ వట్టివేరు పిలకలూ ఎన్ని కావాలో లెక్కేసి, వచ్చే నెల భీమవరం వచ్చేటప్పుడు గోనెసంచిలో పట్టుకొస్తాను. దగ్గరుండి నాటుదాం.

నీ
రాఘవ