లాలాజల గ్రంథి నుంచి డేటాబేస్ దాకా

సిరీ,

ప్రాజెక్టుకి కంప్యూటర్ పనే తీసుకుంటానన్నావు, సరే. "ఇక ఈగలతో నాకేం పని?" అన్న మాట దగ్గరే నాకు పేచీ. డ్రోసోఫిలా అనే చిన్న ఈగ మీద పనిచేసిన జన్యుశాస్త్రవేత్త మైకేల్ ఆష్‌బర్నర్ పని ఏ వరుసలో నడిచిందో ఒకసారి చూడు. 1942లో ఇంగ్లండులో పుట్టిన మనిషి. కేంబ్రిడ్జిలో చదువు, కొన్నాళ్లు అమెరికాలోని కాల్టెక్, తర్వాత మళ్లీ కేంబ్రిడ్జే. 2023 జూలైలో పోయారు.

ముందు ఒక మాట. మన మామిడి రైతులు పండు ఈగ అనేది వేరే ఈగ, బ్యాక్ట్రోసెరా. అది కాయలోనే గుడ్లు పెడుతుంది. డ్రోసోఫిలా అంటే మగ్గిపోయిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్నది. పులిసినచోట పుట్టే ఈస్టే దాని తిండి. తెలుగులో వెతికితే రెండూ కలగలిసి వస్తాయి, చూసుకో.

ఈ ఈగ లార్వా (గుడ్డు నుంచి వచ్చే పురుగు) లాలాజల గ్రంథుల్లో క్రోమోజోము విడిపోకుండానే పదే పదే రెట్టింపై, వెయ్యికి పైగా పోగులు కట్టగా పేరుకుంటాయి. అందుకే అడ్డగీతలు మామూలు మైక్రోస్కోపుకే కనిపిస్తాయి. జన్యువు పని మొదలుపెట్టినచోట గీత ఉబ్బుతుంది. దాన్నే పఫ్ అంటారు. ఏ పఫ్ ఎక్కడుందో చెప్పే చిరునామా, బ్రిడ్జెస్ అనే శాస్త్రవేత్త గీసిన క్రోమోజోముల పటం ప్రకారం: 1 నుంచి 102 దాకా విభాగాలు, ఒక్కోదానికి ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు ముక్కలు. 74ఈఎఫ్ అంటే మూడో క్రోమోజోము ఎడమ భుజం.

ఆష్‌బర్నర్ గ్రంథుల్ని బయటికి తీసి, లార్వా రూపం మారేలా చేసే ఎక్డైసోన్ హార్మోను కలిపిన ద్రావణంలో ఉంచి, ఏ పఫ్ ఎప్పుడు లేచి ఎప్పుడు అణిగిందో రాసుకుంటూ పోయారు. 74ఈఎఫ్, 75బీ లాంటివి అయిదు నిమిషాల్లో కదిలాయి. ఇలాంటి తొలి పఫ్‌లు అర డజను. మరో వంద దాకా కొన్ని గంటలాగి వచ్చాయి. సైక్లోహెక్సిమైడ్ అనే మందుతో ప్రోటీన్ల తయారీని ఆపితే తొలివి లేచాయి గానీ అణగలేదు, మలివి అసలు రాలేదు. అంటే తొలి జన్యువులు చేసే ప్రోటీనే మలివాటిని లేపుతుంది, తన జన్యువునీ ఆపుతుంది. 1974లో ఆయనా సహచరులూ ఇచ్చిన నమూనా ఇదే. అప్పటికి ఆ జన్యువుల్లో ఒక్కదాన్నీ విడిగా తీసి చూడలేదు. కాలాల పట్టికే ఆధారం. నన్నడిగితే ఆయన మొదటి డేటాబేస్ అదే.

ఈ ప్రయోగం చెడేది ఎక్కువగా లార్వాను ఎంచుకోవడంలోనే. గోడెక్కిన లార్వా పెద్దదని తీసుకుంటే దాని ఒంట్లో హార్మోను అప్పటికే పెరిగి ఉంటుంది, నీ గడియారం సున్నా నుంచి మొదలుకాదు. ఇంకా మేతలో ఉన్న మూడో దశ లార్వా కావాలి. సీసాలో కిక్కిరిస్తే క్రోమోజోములు సన్నబడతాయి. తక్కువ గుడ్లు, ఎక్కువ ఈస్టు, 18 డిగ్రీలు పెడితే లావుగా వస్తాయి. గ్రంథికి అంటుకున్న కొవ్వు తీసేయకపోతే స్లయిడంతా మసకే. స్లయిడు మీద గ్రంథిని నొక్కేటప్పుడు పైన పెట్టిన కవర్‌స్లిప్ పక్కకి జారిందా, క్రోమోజోము భుజాలు తెగుతాయి.

ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ జన్యువు చుట్టుపక్కల ప్రాంతాన్ని ఆయన ఏళ్ల తరబడి మ్యూటెంట్లతో (జన్యువు మారిన ఈగలతో) జల్లెడ పట్టారు. 1999లో అక్కడి 29 లక్షల డీఎన్‌ఏ బేసుల (అక్షరాల) క్రమం అచ్చయింది. జన్యువులు కనిపెట్టే ప్రోగ్రాములకు పరీక్ష పెట్టాల్సి వచ్చినప్పుడు కొలబద్ద అయింది ఆ ప్రాంతమే. ఈగల మనిషి అక్కడ లేకపోతే ప్రోగ్రాము చెప్పినదాన్ని దేనితో సరిచూస్తావు?

ఇక పేర్ల గొడవ. 1992లో మొదలైన ఈగ జన్యువుల డేటాబేస్ ఫ్లైబేస్‌లో ఆయన చెయ్యి ఉంది. ఈగ జన్యువుల్లో అక్షరం పెద్దదా చిన్నదా అన్నది ముఖ్యం: డీఎల్‌లో డీ చిన్నదైతే డోర్సల్, పెద్దదైతే డెల్టా. నీ స్క్రిప్టు అన్నిటినీ చిన్నక్షరాలుగా మార్చేసిందంటే రెండూ ఒక్కటైపోతాయి. డెక్-1 అనే జన్యువును ఎక్సెల్ డిసెంబరు ఒకటో తేదీ చేసేస్తుంది. పేరుతో కాదు, ఫ్లైబేస్ ఐడీతో పని చెయ్యి. పైగా ఈగవాళ్లు, ఈస్టువాళ్లు, ఎలుకవాళ్లు ఒకే పనికి వేర్వేరు మాటలు వాడేవారు. 1998లో ముగ్గురూ కలిసి జీన్ ఆంటాలజీ అనే ఉమ్మడి పదజాలం మొదలుపెట్టింది అందుకే. అణువు చేసే పని, అది పాల్గొనే ప్రక్రియ, కణంలో దాని చోటు: ఈ మూటికీ విడివిడి పదజాలాలు.

నువ్వు రోజూ తెరిచేది ఏ జన్యువుకి ఆ పదాల్లో ఏది వర్తిస్తుందో చెప్పే ఫైలే. ప్రతి వరుసలో నాలుగో గడి చదవకుండా వదలకు. అక్కడ 'నాట్' అని ఉంటే ఆ జన్యువు ఆ పని చేయదని అర్థం, వదిలేస్తే ఫలితం తలకిందులు. ఏడో గడిలో ఆధారం ఉంటుంది: ఐడీఏ అంటే నేరుగా పరీక్షించి చూసింది, ఐఈఏ అంటే మనిషి ఒక్కోదాన్నీ సరిచూడకుండా యంత్రం పెట్టింది. ఆ పదాలు మెట్లుగా ఉంటాయి, కింది (ఇరుకైన) పదానికి చెందిన జన్యువు దాని పైనున్న (విశాలమైన) పదాలన్నిటికీ చెందుతుంది కాబట్టి, నీ పట్టికలో పది వరుసలొచ్చినా పది సంగతులు కాకపోవచ్చు.

ఏ పదాలు ఎక్కువగా వచ్చాయో చూడ్డానికి లాలాజల గ్రంథి డేటాకి పోలికగా మొత్తం జీనోము (ఈగ జన్యువులన్నీ) పెట్టావా, 'స్రావం' పైకి తేలుతుంది. గ్రంథి చేసే పనే అది. ఆ గ్రంథిలో పనిచేస్తున్న జన్యువుల జాబితానే పోలికకి పెట్టు, ఆంటాలజీ ఫైలు ఏ తేదీదో కూడా రాసి ఉంచు.

నాన్న