శీనా, ముందు లేచే టైం చూసుకో

రేయ్ శీనా,

నిద్ర లేదు, ఊరికే కోపం, గుండె దడ, ధ్యానం యాప్ ఏదైనా చెప్పు అన్న నీ మెసేజంతా చదివినా. "నా మనసే బలహీనం" అని రాసినావే, అదొక్కటి ఒప్పుకోను. రాత్రి 11:30 దాకా అమెరికా వాళ్ళతో కాల్స్, సాయంత్రం 7కు స్ట్రాంగ్ కాఫీ, 3 దాకా పక్కమీద ఫోను, ఆదివారం 11కు లేచేది. నెలల తరబడి ఇట్లే నడిస్తే ఎంత మొండివాడికైనా చిన్న మాటకే కోపమొస్తుంది, గుండె దడదడమంటుంది. ధ్యానం యాప్‌ల సంగతి తర్వాత. ముందు నిద్ర.

అందరూ తొందరగా పడుకో అంటారు. నిద్ర పట్టేది మన చేతిలో లేదప్పా, లేచేది ఉంది. 7:30 అనుకుంటే 7:30కే, 3కు నిద్రపట్టినా, ఆదివారమైనా సరే. మెలకువగా ఉన్న గంటలు పెరిగేకొద్దీ ఒళ్ళు నిద్ర కోరుతుంది. ఆదివారం పొద్దెక్కేదాకా పడుకుంటే రాత్రికి ఆ కోరిక చాలదు, సోమవారం మళ్ళా మొదటికే. లేచినాక అరగంట కేసీ కెనాల్ గట్టున నడువు. ఒంట్లో గడియారాన్ని సరిచేసేది పొద్దుటి వెలుతురే. ఎండాకాలం వాకిట్లో నీడన కూచున్నా చాలు, కర్నూలు ఎండలో నడవమనేంత పగ నీమీద లేదు.

కాఫీ, టీల్లో ఉండే కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గేదానికే సుమారు 5 గంటలు పడుతుంది. 7కు తాగింది అర్ధరాత్రికి ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం 2 దాటితే కాఫీ వద్దు, టీ కూడా. పెగ్గేస్తే నిద్ర పడుతుందంటివి. పడుతుంది, నడిరాత్రి లేపేదీ అదే.

పక్కమీద 20 నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి హాల్లోకి పో. గడియారం చూడొద్దు, అందాజుగానే. చిన్న లైటేసుకొని ఏదైనా చప్పని పుస్తకం చదువు, కళ్ళు మూతలు పడితేనే మళ్ళా పడుకో. పక్క అంటే మెలకువ అని అలవాటైపోయింది నీకు, అది విడిపోవాల. చానామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు: లేచి ఫోను పట్టుకుంటారు, లేకపోతే మొదటి వారం ఇంకా అలసటగా ఉందని మూడో రోజుకే వదిలేస్తారు. రెండు మూడు వారాలు పట్టు వదలొద్దు.

దిగుళ్ళకు సాయంత్రమే 15 నిమిషాలు కేటాయించు, కాగితం మీద. "సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఏమైతుందో" అని రాస్తే లాభం లేదు. "రేపు 10:30కు టెస్టింగ్ వాళ్ళకు ఫోను" అని రాయి. చేసేదేమీ లేనివి పక్కన ఇంకో వరుసలో. మేనేజర్‌తో కూడా "ఒత్తిడిగా ఉంది" అంటే ఆయనకేం తెలుస్తుంది? "మంగళ, గురువారాల కాల్ 9:30 లోపల పెట్టండి" అని అడుగు.

దడ మొదలైతే ముక్కుతో 4 లెక్కపెట్టేంతసేపు పీల్చి, 6 లెక్కపెట్టేంతసేపు వదులు, 5 నిమిషాలు. గట్టిగా, పెద్దగా పీల్చొద్దు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, భయం ఇంకా పెరుగుతుంది. ఛాతీలో నొప్పి, చెమటలు, నొప్పి చేతికో దవడకో పాకడం ఉంటే మాత్రం టెన్షనో గ్యాసో అని నువ్వే తేల్చుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి పోయి ఈసీజీ తీయించు.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు వద్దు, అలవాటు పడతావు. ఇప్పటికే రోజూ వేస్తుంటే ఉన్నపళంగా ఆపేయొద్దు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాల. రెండు వారాలపైన దేనిమీదా ఆసక్తి లేకుండా, రోజంతా దిగులుగా ఉంటే పెద్దాసుపత్రి మానసిక విభాగం ఓపీలో చూపించు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు కూడా అడుగు, వాటి లోపాలూ ఇట్లే అలసటగా కనిపిస్తాయి. డాక్టరు దిగులుకు మందిస్తే పనిచేసేదానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే పారేయొద్దు. బతకబుద్ధి కావట్లేదనిపిస్తే ఏ రాత్రయినా సరే 14416కు చెయ్యి. 2022లో మొదలైన టెలీమానస్ అది, మనసు బాగలేనోళ్ళకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నాకూ చెయ్యి, ఏ టైమైనా.

ఇంకోటి, చెల్లెమ్మకు ఇదంతా ముందే చెప్పిపెట్టు. నడిరాత్రి హాల్లో ఒక్కడివే కూచోనుంటే భయపడుతుంది పాపం. ఫోను చార్జర్ కూడా వంటింట్లోకి మార్చు, ఈ రాత్రికే.

నీ
గిరి, అనంతపురం