రంగున్నదల్లా మగపక్షి కాదు

సంపాదకులకు,

పత్రికల్లో పక్షుల ఫొటోల కింద రంగులు మెరిసేదాన్ని మగది అని, చప్పిడిగా ఉన్నదాన్ని ఆడది అని రాసేస్తున్నారు. నెమలికి, కోడికి ఆ లెక్క సరిపోతుంది. పెయింటెడ్ స్నైప్ దగ్గర పూర్తిగా తలకిందులవుతుంది.

వరిమళ్లలో, తుంగ మొలిచిన చెరువు అంచుల్లో తిరిగే పక్షి ఇది. ముదురు ఎర్రమట్టి రంగు మెడ, కంటి చుట్టూ మొదలై వెనక్కి సాగే తెల్ల పట్టీ, భుజం మీదకు ఎక్కే తెల్లటి చార ఉన్నది ఆడది. మగది బూడిద కలిసిన గోధుమ రంగు, రెక్కల మీద పసుపు చుక్కలు. కదలకుండా కూర్చుంటే బురదలో కలిసిపోతుంది. దానికి ఆ అవసరం ఉంది, ఎందుకంటే పొదిగేది అదే. ఆడది సాధారణంగా నాలుగు గుడ్లు పెట్టి మరో మగపక్షిని వెతుక్కుంటూ పోతుంది. పొద్దు వాలాక కూత పెట్టి జతను పిలిచేదీ ఆడదే.

డార్విన్ 1871లోనే ఇలాంటి పక్షుల్ని గుర్తించాడు. కానీ ఆడా మగా రెండూ అందంగా ఉండే జాతుల్లో ఆడదాని సొగసు చాలావరకు మగదాని నుంచి వారసత్వంగా వచ్చిందే అనుకున్నాడు. ఆ మాట ఇంకా చెప్పుకుంటూ ఉండటమే మాకు బాధ. అలాస్కా దీవుల్లో క్రెస్టెడ్ ఆక్లెట్ అనే సముద్రపక్షికి ఆడా మగా రెండిటికీ నుదుటి మీద కుచ్చు ఉంటుంది. పరిశోధకులు ఇయాన్ జోన్స్, ఫియోనా హంటర్ పొట్టి, పొడుగు కుచ్చుల బొమ్మపక్షుల్ని పెట్టి చూశారు. పొడుగు కుచ్చు ఆడబొమ్మ దగ్గర మగపక్షులు, మగబొమ్మ దగ్గర ఆడపక్షులు ఎక్కువ మక్కువ చూపాయి. 1993లో వచ్చిన ఫలితమిది. అంటే మగపక్షి కూడా ఎంచుకుంటుంది.

సొగసు జత కోసమే అనుకోవడమూ పొరపాటే. పనామాలో వైట్ నెక్డ్ జాకోబిన్ హమ్మింగ్‌బర్డ్ ఆడవాటిలో సుమారు ఐదింట ఒకటి పెద్దయ్యాక కూడా మగదాని రంగులతోనే ఉంటుంది. అలాంటివాటిని తోటి పక్షులు తక్కువగా తరుముతాయి, అవి తేనె దగ్గర ఎక్కువసేపు నిలవగలుగుతాయి.

ఫొటో కింద రాసేవారికి ఒక మనవి. పెయింటెడ్ స్నైప్ పిల్లలు ఎదిగే దశలో మగదానిలాగే ఉంటాయి, కాబట్టి చప్పిడి రంగు పక్షి ఒక్కటే కనిపిస్తే 'మగది లేదా లేత పక్షి' అని రాయాలి. పాలపిట్టలో ఆడా మగా ఒకేలా ఉంటాయి. అక్కడ 'పాలపిట్ట' అని వదిలేస్తే చాలు. గూటి ఫొటో కోసం గడ్డి మాత్రం కోయకండి. పొదుగుతున్న మగది లేచిపోతే గుడ్లను కప్పడానికి ఆడది తిరిగి రాదు.

— పక్షి పరిశీలకులు